అగోనిజోమాయ్ ఆదివారం

మడికొండలోని ఆ రేకుల చర్చికి రత్నం సంఘపెద్ద. ఈ ఆదివారం వాక్యం బాగా చెబితే శుక్రవారం ఇంటి కూడికలు ఇక అతనికే అప్పగిస్తానని పాస్టర్ డేవిడ్ మాటిచ్చాడు. రత్నానికి మైకంటే ప్రాణం. అందుకే ఫోన్‌లో వెతికి వెతికి ఒక గ్రీకు క్రియ పట్టుకొచ్చాడు.

“అగోనిజోమాయ్!” అన్నాడు మైకు అదిరేలా. “అంటే, నేను పోరాడుతాన. ఎగోనిస్మాయ్ అంటే పోరాడి ముగించిన. ఉత్తగ కష్టపడుడు కాదు. గ్రీకోళ్లు బరిల దిగి కుస్తీ పట్టేటోళ్లు సూడుర్రి, గా మాట. గెలిచినోనికి ఆకుల కిరీటం!”

డేవిడ్ తల ఊపాడు. రత్నం గాల్లో తేలాడు. అక్కడితో దిగినా బాగుండేది.

“మీల పోరాడేటోళ్లు సాక్ష్యం చెప్పుర్రి” అన్నాడు.

ఆ చర్చిలో సాక్ష్యం ఎంత బాగుంటే హల్లెలూయ అంత గట్టిగా పలుకుతారు. గ్రేసమ్మ లేచింది.

“మోకాళ్లతోని పోరాడుతాన. మెట్లెక్కుడంటే సావే.”

హల్లెలూయ మామూలుగా వచ్చింది. వెంటనే సుధీర్ లేచాడు.

“మోకాళ్లు అందరికున్నయ్ అత్తా. మా ఇంటి మీదికి కోతులొస్తానయ్. నిన్న ఒకటి నా లుంగీ కట్టుకొని పోయింది.”

రేకులు దద్దరిల్లాయి.

“కోతి కన్న నా మోకాలు తక్కువనా?” గ్రేసమ్మ మళ్లీ లేచింది. “రెండో మోకాలు ముచ్చట ఇంక చెప్పనేలే!”

“అక్కా, ఒక్కలకు ఒక్కటే సాక్ష్యం” అన్నాడు రత్నం.

“గెలిచినోనికి కిరీటమని నువ్వే అంటివి గద తమ్మీ!”

జనం మోకాళ్లవాళ్లు, కోతులవాళ్లు అని రెండుగా చీలిపోయారు. ఎవరో కుర్చీ ఎక్కి హల్లెలూయల మోతను ఫోన్‌తో కొలవసాగారు. గ్రేసమ్మ కూరగాయల సంచిలోంచి కరివేపాకు తీసి, తన తల కొలతకే కిరీటం అల్లుకుంటోంది. డేవిడ్ మొహం చిట్లించాడు. శుక్రవారాలు చేజారుతున్నాయని రత్నానికి చెమటలు పట్టాయి. ఆడవాళ్ల వరుసలో ఉన్న భార్యను బతిమాలాడు.

“రాహేలూ, జర నువ్వన్న చెప్పు. ఊకుంటరు.”

రాహేలు కొంగు సవరించుకుని నిలబడింది.

“ఈ మనిషి నెల సంది ఇంట్ల గీ గ్రీకే మాట్లాడుతాండు. కూర ఎట్లున్నదంటే అగోనిజోమాయ్. బోరు కరాబైంది, చూడయ్యా అంటే అగోనిజోమాయ్. బోరు నేనే బాగుచేయించిన. పోరాడి ముగించిన అనే మాట నాకింక రాలే. పోరాడుతనే ఉన్న.”

అప్పుడు లేచిన హల్లెలూయకు పక్క దుకాణం వాళ్లు గొడవలేమోనని షట్టర్ దించేశారు. మోకాళ్లవాళ్లూ కోతులవాళ్లూ ఒక్కటయ్యారు. గ్రేసమ్మే వచ్చి కిరీటాన్ని రాహేలు తలమీద పెట్టింది.

డేవిడ్ మైకు అందుకున్నాడు. “శుక్రవారం కూడికలు రాహేలక్కకు అప్పజెప్తానం.”

అందరూ ఆమేన్ అన్నారు. రత్నం మెల్లగా వచ్చి భార్య పక్కన చేరాడు.

“శుక్రవారం నాకు గూడ ఓ అయిదు నిమిషాలు మైకియ్యవా?”

“ముందుగాల ఓ పాట పాడు” అంది రాహేలు. “చూద్దాం.”