దువ్వెనల మగ్గు

వెలుగుతున్న తెల్లటి తెర ముందు మందు సీసాలు బారు కట్టి నడుస్తున్నాయి. ఆమె స్టూలు మీద కూర్చుని ఒక్కోదాన్నీ మెడ పట్టి తలకిందులు చేసి చూసి, మళ్ళీ నిలబెట్టి వదిలేస్తోంది. నలక కనబడిన సీసా ఎడమవైపు ఎర్రపెట్టెలోకి పోతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. మడమలు వాచాయి, కుడి బొటనవేలు వంకర తిరిగింది, చూపు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ బ్రాందీ ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కళ్ళమ్మ అంటారు. ఆమె కంట పడని నలక దేవుడి కంటా పడదని ప్యాకింగు ఆడవాళ్ళ వేళాకోళం.

ఆమె అన్నకు ఇదే ఫ్యాక్టరీలో సరుకు రుచి చూసే ఉద్యోగం. ముక్కు చురుకని తీసుకున్నారు. చేరేనాటికి అతను మందు ముట్టి ఎరగడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం తర్వాత కాలేయం చెడి, ఒళ్ళంతా పచ్చబడి ఆసుపత్రిలో పడ్డాడు. పోయిన నెల మంచం మీద నుంచే కంపెనీ మీద కేసు వేశాడు, ఈ తాగుడు అంటించింది మీరే, బాధ్యతా మీదేనని. ఊరు నవ్వింది. ఎవడు తాగితే వాడిదే తప్పు గాని, తయారుచేసినవాడిదా? ఆమె కూడా మొదట్లో అలాగే అనుకుంది.

భోజనాల గంటకు ముందు మేనేజరు స్వయంగా వచ్చి కాగితం చేతికిచ్చాడు.

"సంతకం పెట్టమ్మా. మీ అన్న ఇక్కడ రుచి చూసిన సరుకు మింగకుండా రోజూ కంపెనీ మగ్గులోనే ఉమ్మేవాడు, తాగుడు బయటి అలవాటు. అంతే రాశాం."

"మా అన్న అప్పట్లో సోడా కూడా తాగేవాడు కాదు సార్. బుస్సుమంటే భయం."

"పాత సంగతులు ఎవరికి గుర్తుంటాయి? ఇక్కడి ఉప్పు తిన్నావు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఆలోచించుకో."

ఆ మగ్గు ఆమెకు బాగా గుర్తు. తెల్ల పింగాణీ, అంచున నీలం గీత, పిడి కింద అన్న హాజరు నంబరు. చేరిన మొదటి వారంలోనే ఇంటికి తెచ్చాడు.

"గొంతు దిగితేనే సరుకు గుట్టు తెలుస్తుందట. మగ్గు రూలు కోసమే ఇచ్చాం, ఇంటికి పట్టుకుపో అన్నాడే మా హెడ్డు. నువ్వుంచుకో."

ఆమె సంబరపడి అందులో దువ్వెనలు పెట్టుకుంది. మరి రోజూ మింగుతావా అన్నయ్యా, అని ఒక్క మాట అడగలేదు.

అలవాటు కొద్దీ కాగితాన్ని తెరకు ఆనించి చూసింది. తర్వాత ఎర్రపెట్టెలో పడేసింది.

"ఇది నేను పాస్ చెయ్యలేను సార్."

"అయితే రేపట్నుంచి పెట్టెలు మొయ్యి."

"అలాగే సార్."

గంట కొట్టేదాకా సీసాలు చూస్తూనే ఉంది. ఎర్రపెట్టె సంగతి చెప్పి అన్నను నవ్వించాలని సాయంత్రం గబగబా గేటు దాటింది. అక్కడే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది.

"మీ అన్నగారు మూడింటికి పోయారమ్మా. నిద్రలోనే," అంది నర్సు.

వాచ్‌మన్ స్టూలు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆసుపత్రి వరండాలో లాయరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "కేసు ఆగదమ్మా, మీరు నడపొచ్చు. కానీ పనిలో మింగించారనడానికి ఆయన మాటే ఆధారం. ఇప్పుడు ఆ మాటా లేదు."

అన్నకు తొడగడానికి చొక్కా కోసం ఇంటికి వచ్చింది. ఉన్నట్టుండి అలమరా ముందు ఆగి, మగ్గులోని దువ్వెనలు, పిన్నులు మంచం మీదికి గుమ్మరించింది. సీసాకు చూసినట్టే మగ్గును కిటికీ వెలుగుకు వంచి చూసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆమె అడుగుకేసి చూసిన పాపాన పోలేదు.

లోపల అడుగున, దుమ్ము కింద, అంచు కూడా లేవని చీటీ ఒకటి అంటుకుని ఉంది: "వాడే ముందు తీసివేయండి."