ఇంజనీరుగారికి గాలి

మా డాబా మీద సోలార్ పలకలు బిగించి చాలాకాలమైంది. వాటిని వీధి లైనుతో కలపడానికి ఆ రోజుకి గానీ ముహూర్తం కుదరలేదు. కలపాల్సినవాడు మా అల్లుడే, ఈ వీధికి లైన్‌మన్ అతను. పొద్దుటినుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోకి వెళ్తే ఎందుకొచ్చానో గుర్తుండదు. గుమ్మంలోకొస్తే అతని నిచ్చెన కనిపిస్తుంది, మళ్లీ లోపలికి పోతాను.

మా మరిది నన్ను చూసి నవ్వాడు. ఎక్కేవాడు ఈల వేసుకుంటున్నాడు, కళ్లు మాత్రం వదినకి తిరుగుతున్నాయి అని మా అమ్మాయితో అన్నాడు. మరిదికి కరెంటు పని కొంచెం వచ్చు. ఆ కొంచెం వల్లే మా ఇంట్లో ఏ బోర్డుకీ మూత నిలవదు.

కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు వరండాలో మీటరు దగ్గర నిలబడి నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. వీధిలో కరెంటు తీసేశారు. అక్కడ లేనప్పుడు, ఎంత ఎండ కాసినా పలకల కరెంటు కూడా దానంతటదే ఆగిపోవాలి. ఆగకపోతే మన ఇంట్లోంచి వైరు వెంట వెనక్కి పోయి, స్తంభం మీద ఉన్నవాణ్ణి పట్టుకుంటుంది. మెయిన్ స్విచ్ వేసే ఉంచి ఆయన టెస్టరు పెట్టాడు. వెలగలేదు. కానివ్వమని అల్లుడికి చెయ్యి ఊపాడు.

ఆయన లోపలికొచ్చి కూర్చున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. అమ్మాయి మంచినీళ్లిచ్చింది. మరిది ఎటో మాయమయ్యాడు. కాసేపటికి ఆయన నెత్తిమీద ఫ్యాను తిరిగింది. హమ్మయ్య అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

నేను తలెత్తి ఫ్యాను వంక చూశాను. వీధిలో లేదు, పలకల్లో లేదు. మరి ఇదెక్కడి గాలి?

"ఏం చేశావయ్యా?" అని లోపల్నుంచి వస్తున్న మరిదిని అడిగాను.

"పెద్దమనిషి చెమటలు కక్కుతుంటే చూస్తూ ఊరుకుంటామా వదినా? పాత ఇన్వర్టరు ఉందిగా, బోర్డుకి తగిలించా."

ఇంజనీరు గ్లాసు వదిలేసి మీటరు దగ్గరికి పరిగెత్తాడు. నేను అప్పటికే వీధిలో ఉన్నాను, చెప్పుల్లేకుండా. నిచ్చెన పైన అల్లుడు చేతి తొడుగులు తీసి నడుముకి దోపుకున్నాడు. వాటితో వైరు మెలితిప్పడం కుదరదట. మా ఇంటి వైరు కొస అతని చేతికి బెత్తెడు దూరంలో ఊగుతోంది.

"ముట్టుకోకు" అన్నాను.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏమైంది అత్తయ్యా? ముహూర్తం మారిందా?"

మీ చిన్నమావయ్య ఇంజనీరుగారికి ఇన్వర్టరుతో విసురుతున్నాడు అని చెప్పాను. అర్థం కావడానికి అతనికి క్షణం పట్టింది. తర్వాత నిచ్చెనని రెండు చేతులా కరుచుకున్నాడు.

ఇంజనీరు తిట్లు వీధికి వినపడ్డాయి. మరిది ఇన్వర్టరు బ్యాటరీని ఊడదీసి మోసుకొచ్చి, పైనున్నవాడికి కనిపించేట్టు నడివీధిలో పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు.

ఇంజనీరు మళ్లీ టెస్టరు పెట్టి నన్ను పిలిచి చూపించాడు. ఇంకోసారి పెట్టమన్నాను. విసుక్కోకుండా పెట్టాడు.

అల్లుడు ఈసారి తొడుగులతోనే వైరు మెలితిప్పాడు. ఎంతకీ తెమలలేదు. నేను కింద నిచ్చెన పట్టుకుని వదల్లేదు.

"అయిపోయింది అత్తయ్యా, ఇక లోపలికెళ్లి కూర్చోండి" అన్నాడు పైనుంచి.

"ముందు నువ్వు దిగు" అన్నాను.