అరువు పాటకు ఏడు వేషాలు

నేను ఒక పియానోని. గోడకు వీపు ఆనించి నిలబడే రకం. నన్ను కదిలించాలంటే ఆరుగురు మనుషులు కావాలి. నా పొగరును కదిలించడానికి మాత్రం ఒక్క ముసలి వయొలిన్ మాస్టారు సరిపోయాడు. ఆ ముచ్చట చెబుతాను, వినండి.

పుట్టింది జర్మనీలో. ఓడెక్కి విశాఖపట్నం చేరాను. మొదట ఒక రైల్వే దొర బంగళాలో ఉన్నాను. దొరసానికి వచ్చింది ఒకటే పాట. నాలుగేళ్ళు వారం తప్పకుండా అదే వాయించింది, వారం తప్పకుండా అదే చోట తప్పింది. తరువాత పదేళ్ళు ఒక క్లబ్బులో గడిపాను. అక్కడి పెద్దమనుషులు నన్ను బల్ల అనుకున్నారు. వాళ్ళ గ్లాసుల అడుగున తడి చేసిన గుండ్రటి మచ్చలు నా నెత్తిమీద ఇప్పటికీ ఉన్నాయి. క్లబ్బు మూతపడ్డాక, అక్కడ గుమస్తాగా చేసిన ఒకాయన నన్ను వన్‌టౌన్‌లోని తన ఇంటికి చేర్చాడు. ఆయన కూతురే దెబోరా టీచరు. ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేది. నా బతుక్కి అర్థం తెచ్చింది ఆవిడే.

దెబోరాకు ఒక పిచ్చి ఉండేది. వందేళ్ళ కిందటి యూరప్ పియానో ఘనులు ఒక చిత్రమైన పని చేసేవారు. ఎవరో వయొలిన్ విద్వాంసుడు కట్టిన నాలుగు వరసల పాటను అరువు తెచ్చుకునేవారు. దానికి ఇరవై ముప్ఫై వేషాలు కట్టేవారు. ఒకసారి ఉరుముతుంది, ఒకసారి గుసగుసలాడుతుంది, ఒకసారి పది వేళ్ళకూ పూనకం వచ్చినట్టు పరుగెడుతుంది. పగటివేషగాడు పొద్దున రాజుగానూ మధ్యాహ్నం బిచ్చగాడుగానూ వచ్చినా మనిషి ఒకడే అయినట్టు, ఎన్ని వేషాలు వేసినా లోపల పాట ఒకటే. అలాంటి పాటల పుస్తకం ఒకటి దెబోరా దగ్గర ఉండేది. రోజూ సాయంత్రం అది తెరిచి నన్ను చెమటలు పట్టించేది.

నాకు గర్వంగానూ ఉండేది, మంటగానూ ఉండేది. నాలో రెండువందల పైచిలుకు తీగలున్నాయి. వయొలిన్‌కు నాలుగు. గడ్డం కింద ఇమిడిపోయే ఆ పీచు మనిషి దగ్గర నేను చెయ్యి చాచడమేమిటి? ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా!

ఒక సాయంత్రం పక్కింటాయన కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. పేరు కూర్మనాథం. విజయనగరంలో ముప్ఫయ్యేళ్ళు వయొలిన్ నేర్పి, పని విరమించి అద్దెకు దిగిన మాస్టారు.

"ఏవమ్మా, ఆ పాట ఎవరిది?" అన్నాడు. "నీ పెట్టె కోసం పుట్టింది కాదది. విల్లు పట్టినవాడిది."

దెబోరా వాయించడం ఆపేసింది. "ఎలా కనిపెట్టేసేరు మాస్టారూ?"

"ఆ గెంతు విన్నాను కదా. కిందితీగ మీంచి పైతీగ మీదకి ఒక్క విల్లులో గెంతేడు. మెట్లు నొక్కేవాడికి ఆ బుద్ధి పుట్టదమ్మా."

"నిజమేనండి. వయొలిన్ పాటే. పియానో వాళ్ళు అరువు తీసుకున్నారు."

"అరువు తెచ్చుకుని ఇంత హంగామానా! ఘటికులే!" అని ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. మర్నాటి నుంచి మాత్రం ఆయన కిటికీ దగ్గర ఆగలేదు, నేరుగా లోపలికే వచ్చి కూర్చునేవాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆయన వయొలిన్ పెట్టెలోంచి తీసి రెండేళ్ళయింది. కుడిచెయ్యి వణుకు. విల్లు తీగమీద నిలవదు. మిగతా కీర్తనలంటారా, ఊరూరా శిష్యులు వాయిస్తున్నారు, వాటికేం భయం లేదు. ఆయన సొంతంగా కట్టినది మాత్రం ఒకే ఒక్కటి, ఆనందభైరవిలో రెండు వరసలు. ఇరవయ్యో ఏట విజయనగరం స్టేషన్లో పాసింజరు రెండు గంటలు ఆలస్యమైతే, తోచక కట్టాడు. పరీక్షలో అడగరు కాబట్టి శిష్యులెవరూ నేర్చుకోలేదు. కాగితం మీద పెడితే ఎముకలే మిగులుతాయని ఆయన రాయలేదు. చేతితోపాటు ఆ పాట కూడా పోతుందని ఆయనకు తెలుసు. నవ్వుతూనే చెప్పాడు కానీ, విన్న దెబోరా నవ్వలేదు.

"నాకు అరువివ్వండి మాస్టారూ. రెండు నెలల్లో మా బడి డెబ్బయ్యయిదో వార్షికోత్సవం. దానికి నేనూ వేషాలు కడతాను."

"ఈ పెట్టె మీదా? ఆనందభైరవి గాంధారం ఊయల ఊగాలమ్మా. నీ పెట్టెకి ఊగడం ఏదీ?"

ఊగలేను, నిజమే. నా ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య జారడానికి దారి లేదు. దెబోరా పట్టు వదలలేదు. ఆయన గొంతెత్తి పాడితే పియానో వాళ్ళ అయిదు గీతల కాగితం మీద రాసుకుంది. ఆయన శ్రుతి ఒకటిన్నర, అంటే 'స' నా నడిమి నల్లమెట్టు మీద పడింది. రెండు వరసలూ అక్కడికే వచ్చి ఆగుతాయి. శ్రుతి కోసం ఆయనే చెయ్యి చాచి ఆ మెట్టును హార్మోనియం నొక్కినట్టు టకటకా పొడిచేవాడు. అలా నొక్కకూడదని దెబోరా మొహమాటం కొద్దీ చెప్పలేదు. నాకు చెప్పుకోవడానికి నోరు లేదు.

వారం తరువాత వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విని, పెదవి విరిచాడు.

"పిల్ల నాదే. కానీ గుండు గీయించి తెచ్చేవు."

దెబోరా ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది. జారేలా వాయించాలని చూసింది, కుదరలేదు. పక్క మెట్టును తాకించి చూసింది, ఎక్కిళ్ళు వచ్చినట్టుంది. మూడు వారాలు మేమిద్దరం ఒకరినొకరు తిట్టుకున్నాం. చివరికి ఒక సాయంత్రం విసిగి, గాంధారాన్నీ దాని పక్కదాన్నీ రెండు వేళ్ళతో మెత్తగా, వేగంగా, మార్చి మార్చి తాకుతూ ఉండిపోయింది. ఊగలేదు. వణికింది. చల్లగాలికి వణికే దీపంలా ఆ స్వరం నిలబడింది.

కూర్మనాథం కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు.

"నా చెయ్యిలాగే ఉందమ్మా," అన్నాడు. "ఉండనీ. తియ్యకు. ఇప్పుడు జుట్టు మొలిచింది పిల్లకి."

అంతకుముందు నాకు వయొలిన్ మీద అసూయ ఉండేదని చెప్పాను కదా, అది ఆ పూటతో పోయింది. ఆయన మీద నాకు జాలి కాదు, ప్రేమ పుట్టింది. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

వార్షికోత్సవం రోజు ఆరుగురు నన్ను బడి హాలుకు మోసుకెళ్ళారు. హాలు నిండా పిల్లలు, తల్లిదండ్రులు. ప్రిన్సిపాల్ లీలావతమ్మగారు పియానో కచేరీ మర్యాద ఏమిటో ముందే ప్రకటించారు. పూర్తయ్యేదాకా చప్పుడు చెయ్యరాదు, చప్పట్లు కొట్టరాదు. ముందు వరసలో కూర్మనాథం బుద్ధిగా తల ఊపాడు. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? మొదటి వేషానికే తొడమీద తాళం మొదలైంది. రెండోదాంట్లో దెబోరా ఎడమచేత్తో పాసింజరు బండిని పరిగెత్తించేసరికి "శభాష్!" అని హాలు అదిరేలా అరిచాడు. లీలావతమ్మగారు కళ్ళెర్రజేశారు. ఆయన రెండుచేతులా నోరు మూసుకున్నాడు.

మూడోది ప్రార్థనలా నెమ్మదిగా సాగింది. నాలుగోది ఎడమచేతికి ఒక్కదానికే. అయిదోది ఆ వణుకు. ఆరోది తప్పెటగుళ్ళ దరువు. అందులో దెబోరా నన్ను నిజంగానే తప్పెటను చేసి బాదింది. సగంలో ఉండగా నా లోపల ఏదో విరిగింది. నడిమి నల్లమెట్టు నొక్కితే లోపల తీగను కొట్టే సుత్తి తల ఊడి కింద పడిపోయింది. సముద్రపు గాలికి జిగురు ఎప్పుడో వదులైంది. రెండు నెలలుగా ఆయన పొడిచిన పొడుపులకు ఇంకాస్త కదిలింది. అంతమంది ముందర నా 'స' పోయింది.

వరస చివరికి వచ్చి దెబోరా నల్లమెట్టు నొక్కింది. టక్. కర్రచప్పుడు. పాట ఇంటిదాకా వచ్చి తలుపు మూసి ఉన్నట్టు నిలబడిపోయింది. ఆవిడ మొహంలో రక్తం లేదు. ఇక్కడ ఆగితే మళ్ళీ వాయించదు, నాకు తెలుసు. ఆ పాటను ఇంకెవరు వాయిస్తారు? నేను చచ్చిపోతే బాగుండుననుకున్నాను.

అయినా వేళ్ళు ఆగలేదు. రెండో వరస చివరికి చేరింది. మళ్ళీ నల్లమెట్టు.

"స...!"

ముందు వరసలోంచి. బొంగురు గొంతు, కానీ శ్రుతికి ఆవగింజంత తేడా లేదు. కూర్మనాథం లేచి నిలబడి ఉన్నాడు. లీలావతమ్మగారి వైపు తిరిగి, "క్షమించాలి తల్లీ, ఇది మర్యాద కాదు, అవసరం," అన్నాడు.

దెబోరా నవ్వింది. ఆ వరసను మళ్ళీ మొదలుపెట్టింది. చివర ఆయన 'స' అన్నాడు. ఇంకోసారి వచ్చేసరికి వెనక బెంచీల పిల్లలు కలిశారు. ఏడో వేషంలో నావి పదేసి స్వరాలు ఒక్కసారిగా లేస్తుంటే, వరస వరసకూ హాలంతా 'స' అంటోంది. చివరి 'స'లో నాకు స్పష్టంగా వినబడిన గొంతు లీలావతమ్మగారిది. చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పను. నాకసలే పొగరు ఎక్కువ.

ఆ రోజు నన్ను తిరిగి ఇంటికి మోయడానికి ఆరుగురిలో నలుగురే మిగిలారు. అలా బడిలోనే ఉండిపోయాను. మరుసటి వారం హార్మోనియాలు బాగుచేసే నూకరాజు వచ్చి, "ఏటి టీచరమ్మగోరూ, సుత్తితో కొట్టినారేటి దీన్ని?" అంటూ తల అతికించాడు. దెబోరా ఆ పాటను ఏటేటా పిల్లలకు నేర్పింది. కూర్మనాథం రోజూ బడికి వచ్చేవాడు. "ఏదమ్మా, నా పాట ఓసారి అరువియ్యి," అని వణికే వేలితో ఒక్కొక్క మెట్టే నొక్కేవాడు. ఒకనాడు రెండో వరసలో తడబడితే ఆరో తరగతి పిల్ల ఒకతె, "అక్కడ అలా కాదండీ మాస్టారూ," అని సరిదిద్దింది. ఆయన ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి, కళ్ళు తుడుచుకుని, వీధి మొదట్లో ఉన్న కొట్టుకు వెళ్ళి క్లాసు మొత్తానికి జీళ్ళు తెచ్చాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. దెబోరా పని విరమించింది. నా మీద ఇప్పుడు హాజరు పట్టీలు పెడుతున్నారు, గ్లాసులకంటే నయమే. ఆయన్ని ఎన్నడూ చూడని పిల్లలు ఆ పాట వాయిస్తున్నారు. నా నల్లమెట్టుకు ఏ జబ్బూ లేదు, నూకరాజు పని గట్టిది. అయినా వరస చివరికి రాగానే ప్రతి పిల్లా వేలు పైకెత్తేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు 'స' అంటారు. ఆ పాట పద్ధతే అంత అని వాళ్ళ నమ్మకం. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు ఆ చోటు వస్తుందంటే చాలు, రెండువందల తీగలూ బిగబట్టుకుని వింటాను.