ఫిజిక్సే చదువుతానన్న రవళి

నేను ఒక స్పెక్ట్రోమీటరును. వెలుగును రంగులుగా విడదీసి, ఏ రంగు ఎంత వంగిందో చూపించడం నా పని. అంబాలాలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టి, గడ్డి పరిచిన చెక్కపెట్టెలో సిరిసిల్లకు, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ల్యాబుకు వచ్చాను.

ఎన్ని చేతులు నన్ను తిప్పాయో! చాలామంది పక్కవాడి రీడింగులు రాసుకుని, నావైపు చూడకుండానే మార్కులు తెచ్చుకున్నారు. మనుషులకు జవాబు మీద ఉన్నంత ప్రేమ చూడటం మీద ఉండదు.

ఆడెపు రవళి అలాంటిది కాదు. సాంచెల మీద బట్ట నేసే కనకయ్య కూతురు. వెలుగు గీత సన్నగా కనబడేదాకా నా టెలిస్కోపుకు కన్ను ఆనించి కూర్చునేది.

ఒక మధ్యాహ్నం కనకయ్యను వెంటబెట్టుకుని రవళి మేనమామ భూమేశం ల్యాబులోకి వచ్చాడు.

"టీసీ ఇయ్యుండ్రి సార్," అన్నాడు లెక్చరర్ ఇర్ఫాన్ గారితో. "హైదరాబాద్‌ల కంప్యూటర్ కోర్సుల చేర్పిస్త. ఫిజిక్స్ చదివి ఏం జేస్తది? బళ్లె పంతులమ్మ అయితది, అదీ అయితె."

రవళి నా ముందు నుంచి లేచింది.

"నేను రాను మామా. ఎమ్మెస్సీ చేస్త. అటెన్క రేడియేషన్ ఫిజిక్స్ డిప్లొమా ఉంటది. క్యాన్సర్ దవఖానల కరెంటు పెడ్తరు గద, అదే రేడియేషన్, డాక్టర్ రాసినంత, రాసిన కాడనే పడేటట్టు లెక్క గట్టేది ఫిజిక్స్ చదివినోళ్లే."

"నీకెవలు చెప్పిన్రు?"

"అమ్మకు పెట్టినప్పుడు ఆ మిషను కాడి మేడమ్‌ను నేనే అడిగిన."

ఆ తల్లి బతికి బట్టకట్టిందన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు. భూమేశం మాత్రం తగ్గలేదు. "అన్నేండ్లు ఎవలు సాదుతరు దీన్ని?"

అప్పుడు కనకయ్య అన్నాడు: "ఊకో భూమేశం. దవఖానల నేను గోడకు కూసోని ఏడ్సిన. ఇది పోయి అడిగింది. సదువుకోనీ."

భూమేశం ఏడాదిపాటు ఆ ఇంటి గడప తొక్కలేదు.

తర్వాతి కథ ఇర్ఫాన్ గారు ప్రతి కొత్త తరగతికీ చెబుతుంటే విన్నాను. రవళి వరంగల్‌లో ఎమ్మెస్సీ చేసింది. డిప్లొమా ప్రవేశపరీక్ష తప్పింది. మేనమామ అన్న ఆ బడి పంతులమ్మ పనే చేస్తూ మళ్లీ రాసి సీటు తెచ్చుకుంది. ఇప్పుడు ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ లెక్కలు కడుతున్నది తనే.

ఈలోగా మా దగ్గర చేరేవాళ్లు తగ్గిపోయారు. ఫిజిక్సు ఎత్తేస్తామంది యాజమాన్యం. ఆ వేసవి రవళి సెలవు పెట్టి వచ్చింది. ఇంటర్ పాసైన పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ ల్యాబులో కూర్చోబెట్టి, తనతో చదివినవాళ్లలో ఒకరు వాతావరణ కేంద్రంలో, ఇంకొకరు భూకంపాలు కొలిచేచోట ఉన్నారనీ, పరిశోధనకు వెళ్లినవాళ్లకు నెలనెలా ఫెలోషిప్ వస్తుందనీ చెప్పింది.

"నౌకరి పక్కానా మేడమ్?" అని ఒక తల్లి అడిగింది.

"పక్కా అని నేను జెప్ప అక్కా. నేనూ ఒకపారి తప్పిన. కని తొవ్వే లేదని ఎవలన్న అంటె నమ్మకుండ్రి."

ముగ్గురు ఆడపిల్లలు చేరతామన్నారు. ముగ్గురు సరిపోరని సెక్షన్ మూసేశారు. ఆ ముగ్గురూ రోజూ బస్సెక్కి కరీంనగర్ వెళ్లి ఫిజిక్సే చదువుతున్నారని, నన్ను స్టోరు గదికి చేర్చేటప్పుడు ఇర్ఫాన్ గారు అటెండరుతో అన్నారు.

ఇప్పుడు విరిగిన బెంచీల కింద ఉన్నాను. 'తుప్పు పట్టిన సామాను' అని నాకు చీటీ కట్టారు. నా కొలతల చక్రం ఇత్తడిది. ఇత్తడికి తుప్పు పట్టదు. కిలుము పట్టింది, నిజమే. తోమితే పోతుంది.