గొట్టంలో భయం

ఎం.ఏ. సైకాలజీ చివరి ఏడాదిలో ఆమె ఒక పేపరుకు బదులు స్వతంత్ర అధ్యయనం తీసుకుంది. సొంతంగా ఒక ప్రశ్న పట్టుకుని, పరీక్షల నాటికి జవాబు తేవాలి.

ప్రశ్న అక్కవాళ్లింట్లో అన్నాల దగ్గర దొరికింది. బావ ఆసుపత్రిలో ఎమ్మారై స్కానింగ్ టెక్నీషియన్.

"ఇవాళ కూడా ఇద్దరు పేషెంట్లు స్కాన్ మధ్యలో లేచొచ్చేశారు మరదలా. గొట్టంలోకి పంపగానే ఊపిరాడట్లేదంటారు. అవసరమైతే మమ్మల్ని పిలవడానికి చేతికి రబ్బరు బంతి ఇస్తాం కదా, అది నొక్కేస్తారు. బయటికి లాగాల్సిందే."

మెత్తటి సంగీతం వినిపిస్తే సరిపోతుందనుకుంది. గైడు మేడమ్ సరేనంది, ఆసుపత్రి అనుమతిచ్చింది. సగంమందికి సంగీతం పెట్టారు, సగంమందికి లేదు. తీరా లెక్క తీస్తే, మధ్యలో లేచొచ్చినవాళ్లు రెండు వైపులా ఒకే తీరు. ఆమెకు నీరసం ముంచుకొచ్చింది.

"మరీ పిరికివాళ్లని లెక్కలోంచి తీసెయ్. ఎవరు చూడొచ్చారు?" అంది రూమ్మేటు.

"నేను చూశానుగా."

మేడమ్ మాత్రం నవ్వింది. "నువ్వనుకున్నది తప్పని తేలింది. అదీ ఫలితమే. మరి అసలు భయం దేనికో కనుక్కో."

మర్నాడు ఆమె తనే వెళ్లి ఆ బల్ల మీద పడుకుంది. లోపలికి పంపగానే గొట్టం పైకప్పు ముక్కుకు తగిలేంత దగ్గరుంది. ఉన్నట్టుండి దడదడమని మోత! సంగీతం అందులో కొట్టుకుపోయింది. వేళ్లు రబ్బరు బంతి మీద బిగుసుకున్నాయి. అంతలో మైకులో బావ గొంతు: "ఇప్పుడు గోడకి డ్రిల్లు వేస్తున్నట్టు వస్తుంది. కాసేపే, భయపడకు." అన్నట్టే వచ్చింది. ఈసారి మాత్రం గుండె అదరలేదు.

బయటికొస్తూనే కేకేసింది. "బావా! భయం మోతకి కాదు, తర్వాత ఏమొస్తుందో తెలియకపోవడానికి!"

మళ్లీ కాగితాలు, మళ్లీ అనుమతులు. ఈసారి చీటీలు వేసి, సగంమందికి ప్రతి శబ్దానికీ ముందు బావ చేత ఒక మాట చెప్పించింది. వాళ్లలో ఒక లారీ డ్రైవరున్నాడు. కండలు తిరిగిన మనిషి. అంతకుముందు రెండుసార్లు ఆ గొట్టంలోంచి పారిపోయినవాడు. లోపలికి వెళుతూ భార్య చెయ్యి వదల్లేదు. అద్దం ఇవతల బావ పక్కనే నిలబడి ఆమె చూసింది. మోత మారినప్పుడల్లా బావ ముందే చెబుతున్నాడు. అతను బంతి నొక్కలేదు. స్కానింగ్ పూర్తయింది.

అతను చెమటతో తడిసి ముద్దయి లేచాడు. "అయిపోయిందా? ఓస్, ఇంతేనా!" అన్నాడు. భార్య పకపకా నవ్వేసింది.

ఆ తర్వాత లెక్క తీస్తే, ముందుగా మాట విన్నవాళ్లలో మధ్యలో లేచొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. రెండో సగంలో మాత్రం ఎప్పటిలాగే చాలామంది.

మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన పెద్దాయన కళ్లద్దాల మీంచి చూశాడు. "సంగీతంతో బోల్తా పడ్డ సంగతి కూడా రాశారేం? దాచుకోవచ్చుగా?"

"అక్కడ బోల్తా పడబట్టే ఇది దొరికింది సార్."

ఆయన కాగితాలు మూశాడు. "వెంటనే పత్రికకు పంపండి. ఆలస్యం చెయ్యకండి."

మేడమ్ ముఖం వెలిగిపోయింది. ఇక నుంచి స్కానింగ్ గదులన్నింటిలో ఇలాగే ముందు చెప్పాలని ఆసుపత్రి నిర్ణయించినట్టు అప్పుడే బయటపెట్టింది. ఆమె మెట్లు దూకుతూ దిగి, వీధిలోకొచ్చి అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, గెలిచాం!"

బావ ఫోన్ లాక్కున్నాడు. "మరి నా గొంతుకి మార్కులెన్నమ్మా?"

"నూటికి నూరు బావా!" అని నడివీధిలో అందరూ తిరిగి చూసేలా అరిచింది.