దండ వేసిన ఫొటో

మద్రాసులో మార్కండేయులుకు ఒక పేరుంది. ఇంటిల్లిపాదినీ రెండు గంటలు ఏడిపించి, చివర అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి అన్నం పెట్టి పంపే డైరెక్టరని. పన్నెండు సినిమాలు తీస్తే తొమ్మిది వందరోజులాడాయి. సిరిసిల్లలో మగ్గం చప్పుడు మధ్య పుట్టిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలంటారు జనం. నిజానికి ఆయనకిప్పుడు కావలసింది కాస్త నిద్ర. ఒకే ఇంటిని పన్నెండు సార్లు విడగొట్టి, పన్నెండు సార్లు కలిపినవాడికి ఒళ్లు అలసిపోక ఏమవుతుంది?

కొత్త సినిమా వందరోజుల వేడుకకని జగిత్యాల వచ్చాడు. పొద్దున్నే గెస్టుహౌసుకు శాలువాల వాళ్లు వచ్చి పోతుంటే, వాళ్ల వెనక ఊర్మిల నిలబడి కనిపించింది. తమ్ముడు దేవయ్య భార్య. ఏడేళ్ల కిందట దేవయ్య నక్సలైట్లలో కలిసి అడవికి పోయినప్పటి నుంచి ఆమె ఈ బావతో పట్టుమని నాలుగు మాటలు మాట్లాడింది లేదు. అందరూ వెళ్లేదాకా ఆగి తలుపు దగ్గరగా వేసింది.

"సిన్మల గోడకు మీ తమ్ముని ఫొటో వెట్టినవ్. దండ సుత ఏసినవ్. ఆయన సచ్చిపోయిండని నీకేమన్న తెలిసిందా బావా?"

లేదన్నాడు. ఆమె మొహం చూడలేక కిటికీ వైపు తిరిగి జరిగింది చెప్పాడు. కథలో చనిపోయిన పెద్దకొడుకు ఫొటో ఒకటి గోడకు కావలసి వచ్చింది. దండ పడే ఫొటోకు సినిమావాళ్లెవరూ తమ మొహం ఇవ్వరు, అశుభమని. మామూలుగా ఏ ఫొటో స్టూడియో నుంచో ఊరూపేరూ తెలియనివాడి ఫొటో తెస్తారు. ఆ రోజు అసిస్టెంటు మరిచిపోయాడు. హీరో ఆరింటికల్లా వెళ్లిపోవాలన్నాడు. తన పెట్టెలో తమ్ముడి ఫొటో ఉంటే తీసి ఇచ్చేశాడు. తొందర కొంత. మిగతాది ఆమెకు చెప్పలేకపోయాడు. తను తీసిన పన్నెండు ఇళ్లలో ఒక్కదాంట్లోనైనా, గోడ మీదైనా, తమ్ముడు ఉంటాడు కదా అనుకున్నాడు. దండ సంగతి తోచనే లేదు. ఇరవై ఏళ్లు సెట్లలో బతికితే చావు కూడా అద్దెకు తెచ్చే సామానైపోతుంది మరి.

ఊర్మిల భయం దండ దగ్గర ఆగలేదు.

"పోలీసుల కాడ ఆయన పేరున్నది, మొఖం లేదు. సోదాకు రాకముందే పెండ్లి ఫొటోలు సుత నేనే పొయ్యిల వెట్టిన. ఆ మొఖం వాళ్లకు తెల్వకనే ఏడేండ్లు బతికిండు. నువ్వు దాన్ని తెచ్చి తెర మీద వెట్టినవ్."

ఆ మొహాన్ని గుర్తుపట్టేవాళ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. పెద్ద ఊళ్లలో వందరోజులాడి సినిమా ఈ వైపు వచ్చింది పోయిన వారమే, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు. మూడు చోట్లా ఆ ముక్క కోసేస్తానన్నాడు. కారులో సిరిసిల్ల ఇంటికి రమ్మంటే ఆమె రానంది. ఆ కారును దారి పొడుగునా గుర్తుపడతారని చెప్పి బస్సుకు నడిచింది.

వేడుకవాళ్లకు కడుపునొప్పని కబురంపి మార్కండేయులు బయల్దేరాడు. జగిత్యాల ఆపరేటరు డైరెక్టరే కత్తెర పట్టుకుని రావడం చూసి మురిసిపోయాడు. సాగదీసినట్టుంది, కొంచెం తగ్గిద్దామని వచ్చానన్నాడు ఈయన. తొమ్మిదో రీలు తీశారు. హీరోయిన్ గోడ దగ్గర దీపం పెట్టే చోట కోసి, అతికించి, ముక్కను జేబులో వేసుకున్నాడు. కోరుట్లలో హాలు యజమాని టీ తాగనిదే కదలనివ్వలేదు. ఈసారి హీరోను కూడా తీసుకురమ్మని అరగంట తిన్నాడు. నవ్వి నవ్వి మార్కండేయులుకు దవడలు లాగాయి. చందుర్తి దాటాక పోలీసులు కారాపారు. రెండు ముక్కలున్న జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు మార్కండేయులు. కానిస్టేబులు లోపలికి తొంగిచూసి గుర్తుపట్టి, మా ఇంట్లోవాళ్లు మీ సినిమా చూసి రెండ్రోజులు ఏడ్చారు సార్, అని సెల్యూట్ కొట్టాడు. అంత సిగ్గు ఆయనకు ఫ్లాపులప్పుడు కూడా వేయలేదు.

సిరిసిల్ల చేరేసరికి మ్యాట్నీ ఇంటర్వెల్. ఆపరేటరు మొగిలయ్యదీ తనదీ చిన్నప్పుడు ఒకే బడి. మాట వినగానే తొమ్మిదో రీలు తీసి చేతిలో పెట్టాడు. దీపం దగ్గర అప్పటికే అతుకు ఉంది.

"నిన్ననే కోసుకపోయిండ్రు. మీ అమ్మ రోజు మ్యాట్నీకి వస్తది. గా ఫొటో రాంగనే లేచి నిలవడ్తది, పోయినంక కూసుంటది. మఫ్టీల ఒకాయన రెండ్రోజులు ఆమె ఎనక కూసోని చూసిండు. నిన్న పైకొచ్చి బిట్టు తీస్కపోయిండు. ఎవ్వలికి చెప్పద్దన్నడు."

కింద హాల్లో అమ్మ ఉందేమో చూడటానికి మార్కండేయులుకు ధైర్యం చాలలేదు.

ఇంటికి వెళ్లేసరికి ఊర్మిల అన్నం వండి ఉంచింది. ఆమె అడిగింది ఒక్కటే, మూడూళ్లలోనూ తీసేశాడా అని. ఇప్పుడు మూడు చోట్లా ఆ ముక్క లేదని ఒక్క మాటంటే చాలు, అబద్ధం కూడా కాదు. ఆయన సినిమాలన్నీ సరిగ్గా ఇక్కడే, కంచాల ముందు, సుఖంగా ముగుస్తాయి. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను మింగాడు. ఇది దాస్తే తమ్ముడికి కబురందదు.

"మనకన్న ముందు వాళ్లు తీస్కపోయిండ్రు, ఊర్మిలా. ఫొటో వాళ్ల చేతికి పోయింది."

అమ్మ వల్ల పోయిందని మాత్రం చెప్పలేదు. ఊర్మిల తిట్టలేదు, ఏడవలేదు. గంటె గిన్నెలో పెట్టి, కొంగు దోపుకుని, ఆ ముక్కలు పొయ్యిలో వేయమని చెప్పి చందుర్తి బస్సుకు వెళ్లిపోయింది. అక్కడ ఎవరికి చెబుతుందో ఆయన అడగలేదు.

కాసేపటికి అమ్మ రుక్కమ్మ సినిమా నుంచి వచ్చింది. పెద్దకొడుకును చూసి, ఎప్పుడొచ్చావని కూడా అడగలేదు.

"ఇయ్యాల రాలేదు కొడుకా. ఆ పిల్ల దీపం వెట్టుడే రాలేదు. రేపన్న వస్తడా?"

 మార్కండేయులు జేబులోంచి ముక్కలు తీసి పొయ్యి ముందు కూర్చున్నాడు. రుక్కమ్మ ఒకటి లాక్కుని వాకిలి వెలుతురుకు ఎత్తి పట్టింది. గోరంత బొమ్మలు, వరసగా. పొలం గట్టు మీది మనిషిని పోల్చుకోలేని కళ్లు ఆ గోరంతలో కొడుకును పట్టుకున్నాయి. చాలాసేపు చూసింది.

"దండ తీసేసి ఒక్కసారి చూపెట్టరాదు కొడుకా?"

"అది రాదమ్మా," అని ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని, రెండూ కలిపి పొయ్యిలో వేశాడు. ముక్కలు ముడుచుకుని, కంపు కొడుతూ పొగయ్యాయి. రుక్కమ్మ లేచి నిలబడింది. ఆ పొగ పోయేదాకా కూర్చోలేదు.