ఆరువందల గొంతులు

బాలే డాన్సు స్కూలు కొత్త మేడ మీదికి మారింది గానీ, పియానో మారలేదు. మెట్లు మలుపు తిరిగేచోట ఇరుక్కుపోయింది. మోసేవాళ్లు దాన్ని నిలబెట్టారు, పడుకోబెట్టారు, కాళ్లు విప్పారు, గోడకున్న రంగంతా గీకేశారు. ఆఖరికి వాళ్ల పెద్ద చెమట తుడుచుకుంటూ, "ఇది ఎక్కదు మాస్టారూ. దీన్ని ముందు ఇక్కడ పెట్టి, మేడ తర్వాత కట్టుకోవాల్సింది" అని తేల్చేశాడు. పాత హాలు కొనుక్కున్న ఫర్నిచరు వ్యాపారి, మీకు అక్కర్లేకపోతే మా షోరూములో అలంకారానికి పెట్టుకుంటానంటూ దాన్ని పట్టుకుపోయాడు.

పోతున్న లారీని వీధి చివరిదాకా చూస్తూ నిలబడింది పియానో అక్క ఒక్కతే. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉన్నా, స్కూల్లో ఈ పేరు తప్ప మరొకటి ఎవరికీ తెలీదు. గోడకు బిగించిన కర్ర పట్టుకుని వరసగా నిలబడ్డవాళ్లు కాలెత్తితే స్వరం ఎత్తడం, దించితే దించడం ఆమె ఉద్యోగం. వాయిస్తున్నప్పుడు మీటల వైపు చూడదు. వాళ్ల మోకాళ్ల వైపు చూస్తుంది.

"దిగులెందుకమ్మా, కీబోర్డు కొందాం" అన్నాడు మాస్టారు. "పియానో సౌండు బాగుండాలి, అంతే కదా. నువ్వే చూసి ఎంచు. తోడుగా మా బామ్మర్దిని పంపిస్తా. కరెంటు వస్తువుల్లో వాడు దిట్ట."

బామ్మర్దిగారి కరెంటు పాండిత్యం ఏమిటంటే, దుకాణాలకీ ఇళ్లకీ కెమెరాలు బిగించడం. వైరున్న ప్రతిదీ తన శాఖ కిందకే వస్తుందని అతని నమ్మకం. దారంతా అక్కకి ఫోనులో ఏవేవో వీడియోలు చూపించాడు. ఆ బుల్లి స్పీకర్లోంచి ఏ కీబోర్డు మోగినా దోమ పాడినట్టే ఉంది.

సంగీత వాయిద్యాల షాపు పెద్దదే. లోపల అడుగుపెట్టగానే అక్కకి తల తిరిగింది. ఒక మూల ఎవరో డ్రమ్ములు బాదుతున్నారు. ఇంకో మూల ఒకాయన గిటారు తీగ బిగిస్తూ, వదులుతూ, మళ్లీ బిగిస్తూ ఉన్నాడు. పైన సీలింగు స్పీకర్లలో సినిమా పాటలు. ఈ గోలలో పియానో సౌండు ఎంచడమంటే సంతలో నిలబడి చెవిలో చెప్పిన రహస్యం వినడమే.

మెడలో బ్యాడ్జీ వేలాడేసుకున్న సేల్స్‌మన్ పరుగున వచ్చి, ఎర్రటి స్క్రీనున్న కీబోర్డు దగ్గర నిలబెట్టాడు. అక్క వేలు చాపేలోపే ఏదో బటను నొక్కాడు. కీబోర్డు తనంతట తానే డప్పులు, బాకాలు, చప్పట్లతో సహా వాయించేసుకోవడం మొదలుపెట్టింది.

"చూశారా మేడమ్! ఆరువందల సౌండ్లు. కుక్క మొరుగుడు కూడా ఉంది."

"నాకు కుక్క వద్దండీ. పియానో వినాలి."

"అదీ ఉంది. నంబరు ఒకటి."

అక్క ఎడమవైపు కింది స్వరం మీట ఒకటి నొక్కి, వేలు తియ్యకుండా అలాగే పట్టుకుంది. తల కొంచెం వంచింది. బామ్మర్ది కాసేపు చూశాడు.

"ఏంటక్కా, పనిచేయట్లేదా?"

"చేస్తోంది. వింటున్నా."

"ఏం వింటున్నారు?"

"ఇది ఎలా పోతుందా అని."

"ఎక్కడికి పోతుందక్కా? గ్యారంటీ ఉందిగా."

ఎలా చెప్పాలో అక్కకి తెలీలేదు. స్వరం పుట్టించడం ఏ పెట్టెకైనా చేతనవుతుంది. పోవడంలోనే ఉంది అసలు సంగతి. మంచి పియానోలో కింది స్వరం ఒకటి కొట్టి వదిలితే, అది మెల్లమెల్లగా సన్నబడుతూ, రంగు మారుతూ, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగుతుంది. ఈ ఎర్ర స్క్రీను కీబోర్డులో కాసేపు సీసాలో పడ్డ ఈగలా అక్కడక్కడే తిరిగి, ఆ తర్వాత కుళాయి కట్టేసినట్టు ఠక్కున ఆగిపోయింది. పైగా మెత్తగా నొక్కితే మెత్తటి సౌండు రాలేదు. గట్టి సౌండే పక్కింట్లోంచి విన్నట్టు వచ్చింది.

ఇంకోటి, ఇంకోటి అంటూ వరసంతా నొక్కుకుంటూ పోయింది. సేల్స్‌మన్ బామ్మర్ది దగ్గరికి జరిగి, గొంతు తగ్గించానని అనుకుంటూ, "మేడమ్‌కి పాటలేమీ రావా సార్?" అని అడిగాడు. అక్క చెవులు కాలిపోయాయి.

అట్టపెట్టెల వెనక, గోడవారన దొరికింది ఆమెకి కావలసింది. నల్లటిది. స్క్రీను లేదు, దీపాలు లేవు. బటన్లు కూడా వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. దుమ్ము తుడిచి అదే కింది మీట నొక్కింది. డ్రమ్ములవాడు ఆ క్షణానికి చెమట తుడుచుకోడానికి ఆగాడో, దేవుడే ఆపాడో గానీ, స్వరం మొదలునుంచి చివరిదాకా వినిపించింది. మీట కూడా వేలికింద కొంచెం బరువుగా, ఎదురు చెబుతున్నట్టుగా ఉంది. అక్క నిలబడే ఉండి, నెమ్మదైన పాట ఒకటి సగం వాయించింది.

"ఇదే" అంది.

బామ్మర్ది చుట్టూ తిరిగి చూశాడు. "ఎన్ని సౌండ్లున్నాయి?"

"నాలుగు సార్" అన్నాడు సేల్స్‌మన్, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.

"నాలుగా! మా ఇంటి కాలింగ్ బెల్లుకే పన్నెండున్నాయి."

"నాకు ఒక్కటి చాలు బాబూ. మిగతా మూడూ కూడా దండగే" అంది అక్క. సాయంత్రం క్లాసుకి టైమవుతోంది. బిల్లు సంగతి అతనికి వదిలేసి, కనపడిన ఆటో ఎక్కింది. ఆ పని చేసినందుకు తర్వాత తనను తాను చాలాసార్లు తిట్టుకుంది.

మర్నాడు స్కూల్లో అట్టపెట్టె విప్పితే, లోపలినుంచి ఎర్ర స్క్రీను బయటికొచ్చింది.

"బావతో ఫోన్లో మాట్లాడే తీసుకున్నానక్కా" అన్నాడు బామ్మర్ది, వరమిస్తున్న దేవుడిలా. "మీకు కావలసిన పియానో దీన్లోనూ ఉంది, నంబరు ఒకటి. మిగతా ఐదువందల తొంభై తొమ్మిదీ లాభం."

అక్క మాస్టారి గదిలోకి వెళ్లింది. "నేను ఎంచింది ఇది కాదు మాస్టారూ."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు. "తెలుసమ్మా. కానీ ఇప్పుడు వెనక్కిస్తే మా ఆవిడ, 'మా తమ్ముడి మాటంటే మీకు లెక్కలేదు' అంటుంది. ఇంట్లో నెల్లాళ్లు మాటలుండవు. కొన్నాళ్లు వాయించు, అలవాటైపోతుంది."

"అలవాటవడానికి అదేమన్నా చెప్పులా మాస్టారూ!"

"ఏదైనా పియానో సౌండే కదమ్మా" అన్నాడాయన. ఇన్నేళ్లూ పక్కనే కూర్చుని వాయించింది ఈయన కోసమేనా అనిపించింది అక్కకి.

ఇంట్లో భర్తకి చెప్పుకుంది. ఆయన ఇళ్లకి రంగులు వేస్తాడు. "పియానో అంటే పియానో. అంత తేడా ఉంటుందా?" అన్నాడాయన కూడా, వేళ్లకంటిన రంగు కిరసనాయిలుతో తుడుచుకుంటూ.

"మీరు తెల్లరంగు కలుపుతారు కదా. తెలుపంటే తెలుపేగా? ఏదో ఒకటి పూసెయ్యరాదూ?"

ఆయన తుడుచుకోవడం ఆపేశాడు. "అదెలా కుదురుతుందే! తెలుపులో..." అని మొదలుపెట్టి, పసుపు కొట్టే తెలుపు, నీలం కొట్టే తెలుపు, మధ్యాహ్నం ఒకలా సాయంత్రం ఒకలా ఉండే తెలుపు అంటూ చాలాసేపు చెప్పాడు. మధ్యలో తనకే వెలిగి, "ఓహో" అన్నాడు. "అయితే మీ మాస్టారికి చెవుల్లేవు" అని తీర్పిచ్చాడు. దానివల్ల అక్కకి ఒరిగిందేమీ లేదు గానీ, ఆ పూట నిద్రపట్టింది.

పొద్దుటి క్లాసులో అసలు అవస్థ మొదలైంది. నెమ్మదిగా కాలెత్తి, గాలిలో నిలిపి, స్వరం ఆరిపోయేదాకా దించుతూ రావాలి. అదీ పద్ధతి. స్వరమేమో సగంలోనే తెగిపోతోంది. స్వరాన్ని నిలిపే కాలి పెడల్ తొక్కిపట్టి నాలుగు స్వరాలు ఎక్కువ వాయిస్తే, మొదటివి చెప్పాపెట్టకుండా మాయమవుతున్నాయి. ఎత్తిన కాళ్లు దబదబా కిందపడుతున్నాయి.

"ఎందుకమ్మా అంత తొందర?" అని అరిచాడు మాస్టారు.

"నేను తొందరపడలేదు. ఇదే చచ్చిపోతోంది."

"కీబోర్డుని అనకు. నిదానంగా వాయించు."

నిదానంగా వాయించబోయింది. చేతి అంచు ఏ బటనుకు తగిలిందో ఏమో, అందరూ ఊపిరి బిగబట్టి ఒంటికాలిమీద నిలబడ్డ క్షణాన, ధన్ ధన్ చిక్ ధన్ అంటూ డప్పులు మొదలయ్యాయి. వరసలో చివరనున్న బ్యాంకు మేనేజరమ్మ నవ్వాపుకోలేక కర్ర వదిలేసి నేలమీద కూర్చుండిపోయింది. అక్క బటన్లన్నీ నొక్కింది. డప్పులు ఆగి చప్పట్లు వచ్చాయి, చప్పట్లు పోయి కుక్క వచ్చింది. చివరికి ప్లగ్గు పీకేసింది.

సాయంత్రానికల్లా బామ్మర్ది వచ్చి బటన్లమీద ఒక అట్టముక్క టేపుతో అంటించి, "ఇప్పుడేమంటారు?" అన్నాడు గర్వంగా.

అక్క మర్నాడు కీబోర్డుమీద గుడ్డ కప్పి, పక్కనే కుర్చీ వేసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మీరే లెక్కపెట్టుకోండి మాస్టారూ. దీనిమీద వాయించి అందరిచేతా తిట్లు తినడం నా వల్ల కాదు."

మాస్టారికి పౌరుషం వచ్చింది. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అంటూ చప్పట్లు కొడుతూ క్లాసు నడిపాడు. వారం తిరిగేసరికి ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఒకటి అంటే రెండులా, రెండంటే దగ్గులా వినిపించసాగింది. బ్యాంకు మేనేజరమ్మ, ఇలా అయితే ఇంట్లోనే గోడ పట్టుకుని చేసుకుంటానంది. అప్పుడు దిగొచ్చాడు.

"సరే పద. షాపుకెళ్దాం. తేడా ఏమిటో నాకూ చూపించు."

బామ్మర్దికి చెప్పకుండా వెళ్లారు. అక్క ముందుగా ఎర్ర స్క్రీను దాని దగ్గర ఆగింది. "మీరు చెవులు పక్కన పెట్టండి మాస్టారూ. చెయ్యెత్తండి. స్వరం ఉన్నంతసేపే దించండి."

"ఇక్కడా? అందరూ చూస్తారు!"

"చూడనీండి."

మాస్టారు అటూ ఇటూ చూసి చెయ్యెత్తాడు. అక్క మీట నొక్కింది. చెయ్యి భుజం దాటి కొంచెం కిందికొచ్చి, గాలిలో ఆగిపోయింది.

"ఏదీ?"

"అయిపోయింది."

"నేనింకా దించనేలేదే!"

"నేను మొత్తుకున్నది అదే."

అట్టపెట్టెల వెనక్కి తీసుకెళ్లి నల్లదానిమీద అదే మీట నొక్కింది. మాస్టారి చెయ్యి మెల్లగా దిగింది. మోచెయ్యి, మణికట్టు, ఆపైన ఒక్కొక్క వేలూ వాలి, చివరికి చిటికెనవేలు తొడకి ఆనేదాకా స్వరం ఉంది. ఆయన వంగి బూట్లు విప్పాడు. "ఇంకోసారి కొట్టమ్మా" అని ఈసారి కాలు కూడా ఎత్తాడు. ముగ్గురు నలుగురు గుమిగూడారు. గిటారాయన తీగ వదిలేసి చూస్తూ నిలబడ్డాడు.

"ప్యాక్ చెయ్యి" అన్నాడు మాస్టారు, కాలు దించకుండానే.

సేల్స్‌మన్ తల గోక్కున్నాడు. "ఇది నిన్ననే బుక్కయిపోయింది సార్. కొత్త స్టాకు వచ్చే వారం."

అక్కకి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. మాస్టారు అక్కడే సేల్స్‌మన్‌ని తిట్టాడు, బయటికొచ్చి ఫోనులో బామ్మర్దిని తిట్టాడు. తనని తాను తప్ప అందర్నీ తిట్టాడు. వచ్చే వారం అన్నది ఇంకో వారమైంది, అది ఇంకోటైంది. ఫోను చేసిన ప్రతిసారీ సేల్స్‌మన్, "బండి బయల్దేరింది మేడమ్" అనేవాడు. అది ఏ లోకంనుంచి బయల్దేరిందో వాడికే తెలియాలి.

చివరికి వచ్చింది. మోసుకొచ్చింది బామ్మర్దే. మెట్ల మలుపు దగ్గర చంకలో పెట్టుకుని ఎక్కేశాడు. షాపువాళ్లు వెనక్కి తీసుకోనన్న ఆ ఆరువందల గొంతులదాన్ని అతను తన కెమెరాల దుకాణంలో పెట్టుకున్నాడట. వచ్చినవాళ్లందరికీ కుక్కని వినిపిస్తున్నాడట.

"నేను మొదటిరోజే అన్నాగా అక్కా, ఇది బాగుందని" అన్నాడు పెట్టె దించుతూ.

అక్క పళ్లు నూరుకుంటూ ప్లగ్గు పెట్టింది. క్లాసు మొదలైంది. కింది స్వరం కొట్టింది. కర్ర వెంట వరసగా ఎత్తిన కాళ్లు, స్వరంతోపాటే సన్నబడుతున్నట్టు, చప్పుడు లేకుండా నేలకి దిగాయి. బ్యాంకు మేనేజరమ్మ కాలు కూడా. పాట అయిపోయింది. ఇప్పుడైనా అంటారు, నువ్వు చెప్పిందే నిజమని ఒక్క మాట అంటారు అనుకుని, అక్క మాస్టారి వైపు చూసింది.

"బాగుందమ్మా" అన్నాడాయన. "కాకపోతే వెనక వరసవాళ్లకి సరిగ్గా వినపడ్డంలేదు. దీని స్పీకర్లు చిన్నవనుకుంటా. విడిగా ఒకటి కొనాలి."

"స్పీకర్ల సంగతి నాకొదిలెయ్యండి బావా!" అని గుమ్మంలోంచి వినిపించింది. "నాలుగు రంగుల లైట్లున్నది ఒకటి నా దృష్టిలో ఉంది."

"వద్దు!" అంది అక్క. పియానో అక్క అంత గట్టిగా అరవగలదని ఆ స్కూల్లో ఎవరికీ అప్పటిదాకా తెలీదు. బామ్మర్ది రెండడుగులు వెనక్కి వేశాడు. మాస్టారు నోరు తెరిచి, ఇంట్లో ఆవిడ గుర్తొచ్చి, మళ్లీ అక్క మొహం చూసి, మూసుకున్నాడు.

క్లాసు అయిపోగానే అక్క చేతిసంచి భుజాన వేసుకుని ఒక్కతే షాపుకి బయల్దేరింది. ఆమె గుమ్మంలో కనపడగానే సేల్స్‌మన్ పరుగున వెళ్లి సీలింగులో పాటలు కట్టేశాడు. డ్రమ్ముల మూలకి వెళ్లి, బాదుతున్నాయన చేతుల్లోంచి కర్రలు లాక్కున్నాడు.